గుల్లలపాలెం నుంచి రెండు గొంతులు

1వ రోజు

ఈ పుస్తకంలో నేను రోజుకి మూడు గడులు నింపాలి. తేదీ, గీతం మొదలైన సమయం, ఎక్కిన గొంతులు. తొమ్మిదేళ్ళుగా ఆ మూడే నింపాను. ఇవాళ్టి నుంచి అంచుల మీద కూడా రాస్తాను. ఎలాగూ ఎవరూ చదవరు కాబట్టి ఎవరికీ అభ్యంతరం ఉండదు.

ఇవాళ కొత్త చెవి పెట్టారు. ఊళ్ళోవాళ్ళు దాన్ని చెవి అంటారు, నేనూ అదే అంటాను. దాని అసలు పేరు నాకు నోరు తిరగదు. నేను పనిచేసే గీత కేంద్రం ముందున్న ఇనప స్తంభానికి తాటికాయంత పరికరం బిగించి ఉంటుంది. పాతది ఊరి చప్పుడంతా కలిపి మింగి, హోరుని బట్టి ఒక అంకె వేసి రాజధానికి పంపేది. కొత్తది ఒక్కో గొంతునీ విడిగా గుర్తుపడుతుందట.

పొద్దున్న ఆరు నలభైకి తూర్పు తీర సమాఖ్యలో ప్రతి ఊరూ తన చెవి ముందు నిలబడి పాడుతుంది. ఆ గొంతులన్నీ రాజధానిలో కలిసి ఏడింటికి ఒకే గీతంగా అందరికీ వినబడతాయి. నా చిన్నప్పుడు పాత గీతం ఒకటి ఉండేది, ఎవరో పెద్దాయన రాసినది. అందులో మా ఏరు లేదని ఒకళ్ళు, మా కొండ లేదని ఒకళ్ళు పదేళ్ళు తన్నుకున్నారు. చివరికి విసిగిపోయి, జనం గురించి పాట ఎందుకు, జనమే పాట అని ఈ ఏర్పాటు చేశారు. ఇందులో ఎవరూ మిగిలిపోరని అప్పట్లో గోడలన్నిటి మీదా రాశారు.

గుల్లలపాలెంలో పాడే వయసున్నవాళ్ళు మూడువందల పన్నెండు మంది. నాతో కలిపి మూడువందల పదమూడు. ఇవాళ కొత్త చెవి ఎక్కించిన అంకె 2.

బిగించినాయన అప్పటికే పడవెక్కేశాడు. కొత్త సరుకు కదా, రెండు రోజుల్లో దారికొస్తుందిలే అనుకున్నాను.

3వ రోజు

మళ్ళీ 2. ఈసారి నా గదిలోని తెర మీద పేర్లు చూశాను. మందాకిని, ఆపరేటరు. దాలమ్మ, ఉప్పు పని.

మందాకిని నేనే. నేను గదిలో నిలబడి పాడతాను, గదికి వేరే చిన్న చెవి ఉంది. దాలమ్మకి అరవై ఎనిమిదేళ్ళు. ఉప్పు పండించే ఈ కొఠారులో ముప్ఫై ఏళ్ళుగా పాట ఎత్తేది ఆవిడే. నాకన్నా పెద్దది కాబట్టి ఇక్కడివాళ్ళలా నేనూ అప్పా అంటాను, అక్కా అని. మనిషి చిన్నది, గొంతు మాత్రం సముద్రపు కట్ట అవతలి పడవల దాకా పోతుంది.

మిగతా మూడువందల పదకొండు మందీ ఏమైపోయారు? కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను, అందరూ నోరారా పాడారు. వాళ్ళ చప్పుడుకి నా గది అద్దాలు కూడా అదిరాయి.

9వ రోజు

మూడు ఫిర్యాదులు పంపితే ఇవాళ రాజధాని నుంచి ఒకాయన మాట్లాడాడు. పేరు కౌండిన్య. మర్యాదస్తుడు, మధ్యలో అడ్డురాడు, ఇలాంటివాళ్ళ మీద కోప్పడటం కూడా కష్టం.

"మేడమ్, మీ ఊరి శబ్దం మొత్తం విన్నాను. పరికరం బాగానే ఉంది. ఒకావిడ పాడుతున్నారు. తరవాత అదే మాట, అదే రాగం కాస్త ఆలస్యంగా మళ్ళీ వస్తోంది. అది ప్రతిధ్వని. పరికరం దాన్ని కొట్టేస్తుంది."

"అది ప్రతిధ్వని కాదండీ, మా ఊరు."

"ఒకావిడ పాడాక అందరూ మళ్ళీ అంటున్నారంటారా?"

"ఇక్కడ పాట అంటే అదేనండీ. ఒకరు అంటారు, మిగతావాళ్ళు అందుకుంటారు."

ఉప్పు లాగేటప్పుడు ఎలా పాడతారో వివరించాను. మడిలో వరసగా ఇరవై మంది చెక్క పలకలు పట్టుకుని నిలబడతారు. ఎత్తేమనిషి ఒక చరణం అంటుంది, అంతవరకూ పలక కదలదు. ఆవిడ ఆపాక మిగతావాళ్ళు అదే చరణం అంటూ ఒక్కసారి లాగుతారు. ఆవిడ గొంతు మీద ఎవరైనా గొంతు పెడితే లాగుడు చెదిరి ఉప్పులో మట్టి కలుస్తుంది. గీతాన్నీ వాళ్ళు అలాగే పాడతారు. తీరమంతా ఒక్కటే గొంతు అని దాలమ్మ అంటే, తీరమంతా ఒక్కటే గొంతు అని ఊరు అందుకుంటుంది. ఇన్నేళ్ళూ ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

"ఆ కొట్టేయడం ఆపెయ్యండి మా ఊరికి."

"ఒక ఊరికి ఆపలేమండీ. ఆపితే కొండ పట్నాల్లో ఒక్కొక్కళ్ళూ ముగ్గురుగా లెక్కకొస్తారు."

"ఇక్కడ కొండెక్కడుంది బాబూ? గోడ కూడా లేదు. మూడు మైళ్ళు ఉప్పే. ఇక్కడ దేనికి తగిలి వెనక్కొస్తుంది ప్రతిధ్వని?"

అది నిజమేనని ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, నలభై రోజుల నియమం గుర్తుచేశాడు. నలభై రోజులపాటు యాభై గొంతులు కూడా ఎక్కని ఊరిని నిర్జనం అని రాస్తారు. నిర్జనమైన ఊరికి పంపులు నడపరు.

గుల్లలపాలెం సముద్రం కన్నా నిలువెత్తు కిందుంది. చుట్టూ కట్ట, కట్ట మీద ఆరు పంపులు. అవి ఆగితే రెండు వారాల్లో మా వంటిళ్ళలో చేపలు తిరుగుతాయి.

16వ రోజు

ఈ వారమంతా నేను పడ్డ తిప్పలు రాస్తే పుస్తకం చాలదు.

ఒక్కొక్కళ్ళనీ విడిగా పాడిద్దామని సింహాలుని పిలిచాను. దాలమ్మకి మరిది, యాభై దాటిన మనిషి, రెండు బస్తాలు ఒక్క భుజాన వేసుకోగలడు. చెవి ముందు నిలబెట్టి పాడమన్నాను. నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. గొంతు సవరించుకుని మళ్ళీ తెరిచాడు. చెమట మాత్రం పట్టింది.

"ముందల ఎవులో అనాల గదమ్మా. అప్పుడు గదేటి నానంతాను" అన్నాడు.

సరే నేనంటానని మెల్లిగా మొదటి చరణం అన్నాను. వెంటనే ఇంత గొంతేసుకుని అందుకున్నాడు. తెర మీద నా పేరొచ్చింది. సింహాలు నాకు ప్రతిధ్వని అయ్యాడు. ఇద్దరం నవ్వాం, తరవాత ఇద్దరికీ నవ్వు రాలేదు.

ఇలా నలభై మందిని ప్రయత్నించాను. ఒక పిల్లతల్లి ఏడ్చేసింది, తనకి పాటే రాదనుకుంది పాపం. రోజూ పాడే మనిషే.

నిన్న దాలమ్మని నోరు మూసుకోమన్నాను. ఆవిడ మూసుకుంది. మూడువందల పదకొండు మంది ఆవిడ వంకే చూస్తూ నిలబడ్డారు. గీతం సమయం అయిపోయింది. ఎక్కిన గొంతులు 1, అదీ నాది.

ఈ గడిలో 313 అని రాయడం నా చేతిలో పని. రాశాను కూడా. చెవి పంపే అంకె వేరే దారిన పోతుంది, నేను రాసినదాన్ని ఎవరూ అడగరు.

24వ రోజు

కౌండిన్య స్వయంగా వచ్చాడు. మూడు పడవలు మారి వచ్చాడు, మంచివాడు కాకపోతే ఎందుకొస్తాడు. కట్ట మీద నిలబడి ఊరంతా పాడటం కళ్ళారా చూశాడు, చెవులారా విన్నాడు.

"చూశారు కదా. ఉన్నారా, లేరా?" అన్నాను.

"ఉన్నారు మేడమ్. కానీ నేను చూశానని రాయడానికి ఏ గడీ లేదు. పరికరం విన్నదే లెక్క. అధికారుల కళ్ళ మీద నమ్మకం లేకే కదా అప్పట్లో జనమే ఈ పరికరాల లెక్క పెట్టించుకున్నారు."

అవి పెట్టమని అరిచిన ఊరేగింపుల్లో మా అమ్మ చెయ్యి పట్టుకుని నేనూ ఉన్నాను.

అప్పుడతను ఊరివాళ్ళ వైపు తిరిగి ఎంతో మర్యాదగా చెప్పాడు. "ఒక్క చిన్న మార్పు చేస్తే చాలండి. దాలమ్మగారు మొదలుపెట్టినప్పుడే మీరందరూ ఆవిడతో కలిసి పాడండి. ఒకేసారి, అంతే."

సింహాలు తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. "మా వొదిన ఎదరే ఉంది బాబూ, బతికే ఉంది" అని వెళ్ళిపోయాడు. అతని వెనక ఒక్కొక్కళ్ళూ వెళ్ళిపోయారు. కౌండిన్య తను తప్పేమన్నాడో తెలియక నా మొహం చూశాడు. నాకూ తెలియదు. తొమ్మిదేళ్ళున్నాను ఇక్కడ, సిగ్గుచేటు.

25వ రోజు

దాలమ్మ నన్ను మడి గట్టున కూచోబెట్టి చెప్పింది.

"మా కాడ అందరూ ఒకేపారి పాడీది ఒక్కనాడేనమ్మా. పాట ఎత్తేమనిషి సచ్చిపోతే, ఆ మనిషిని మోసుకెల్లిననాడు. ముందల అనడానికి మనిషి నేదు గదా. ఇంకెవులికోసం ఆగుతారు? అందుకని అందరూ కలిసి ఎత్తీసుకుంతారు. మా అత్తకి అలగే పాడినాం."

"తరవాత?"

"ఒక ఏడాది మడిలో పాట ఉండదు. మాటాడకుండా లాగుతారు. ఏడాది ఎల్లినాక ఇంకో మనిషి ఎత్తుతాది. నాను అలగే ఎత్తినాను."

"మరి నేను రోజూ నీతో కలిసి పాడుతున్నాను కదప్పా, తొమ్మిదేళ్ళుగా."

దాలమ్మ నవ్వింది. "అందుకే గదా నిన్ను గదిలో పాడుకోమన్నాం. ఎండ అని సెప్పినాం గావాల."

పొద్దున్న ఆరు నలభైకి ఎండేమిటని ఒక్కనాడూ నాకు తోచలేదు. వాళ్ళ దాలమ్మ మీద రోజూ చావుపాట పాడుతున్న పట్నం మనిషిని నొప్పించకుండా తలుపేసి కూర్చోబెట్టారు. నేనేమో గౌరవం అనుకున్నాను.

33వ రోజు

పంపులవాళ్ళు వచ్చారు. ఇంకా ఏడు రోజులుందని చెబితే, ముందస్తుగా ఒకటి విప్పుకెళ్ళమని ఆర్డరుందన్నారు. వాళ్ళు కాగితం మాత్రమే చూశారు, చుట్టూ మూగిన జనాన్ని చూడలేదు. కాదు, చూశారు. పక్కకి తప్పుకోమన్నారు కదా. నిర్జనమైన ఊళ్ళో అడ్డం తప్పుకోమని అడగాల్సి వచ్చిందని వాళ్ళకేమీ అనిపించలేదు.

సాయంత్రానికి దక్షిణం మళ్ళలోకి నీరొచ్చి ఉప్పు కరగడం మొదలైంది. నాలుగు నెలల పంట. ఆడవాళ్ళు గట్టు మీద నిలబడి చూశారు. నాకు ఏం చెయ్యాలో తెలియలేదు. గదిలోకి వచ్చి కౌండిన్యకి ఫోను చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. అతను విన్నాడు. పెట్టేసేముందు, "మేడమ్, నేను చెప్పిన మార్పు ఒక్కసారి..." అన్నాడు.

36వ రోజు

ఊరంతా కూర్చుంది. వలస పోదామన్నారు కొందరు. నిర్జనమైన ఊరి నుంచి వచ్చినవాళ్ళని ఏ ఊరూ రాసుకోదని నేనే చెప్పాల్సి వచ్చింది. లేని ఊరి నుంచి మనుషులెలా వస్తారంటారు.

అప్పుడు దాలమ్మ లేచి, "ఎల్లుండి నాకు పాడీండి" అంది.

సింహాలు, "ఏటి మాటాడతన్నావు వొదినా" అన్నాడు.

"ఏటుంది. నాను రేపో మాపో పోయీదాన్నే. కాత్త ముందల పాడతారు, అంతే."

"బతికున్న మనిషికి పాడితే ఆ మనిషి మల్లీ మడిలో దిగకూడదు. నోరిప్పి ఎత్తకూడదు. ఎత్తితే అందుకునీవోడు ఉండడు. తెలుసా నీకు?"

"నాకు తెల్దేటి? సేత్తన్నది నాను."

నేను కల్పించుకుని, ఇదంతా చెవి కోసం ఆడే నాటకమే కదా, గీతం అయిపోగానే మామూలుగా ఉండొచ్చు కదా అన్నాను. అందరూ నా వైపు చూసిన చూపుకి తల దించుకున్నాను. పాట వాళ్ళకి పని. పనితో నాటకం ఎవరాడతారు.

38వ రోజు

ఆరు ఇరవైకే అందరూ వచ్చారు. దాలమ్మ తలంటుకుని ఉతికిన చీర కట్టుకుంది. చెవికి ఎదురుగా నేల మీద గోనెపట్టా పరిచి కూర్చుంది. కోడళ్ళు వచ్చి కాళ్ళకి పసుపు రాశారు. ఆవిడ వాళ్ళని బుగ్గ మీద కొట్టి, ఏడవకండి, గొంతు పూడుకుపోతాది, ఎక్కదు, అంది.

ఆరు నలభై. అలవాటు కొద్దీ అందరూ ఆవిడ నోటికేసి చూశారు. ఆవిడ పెదాలు బిగించి తల దించుకుంది.

ఎవరు మొదలుపెట్టారో నాకు తెలియదు. ఎవరూ పెట్టలేదేమో. మూడువందల పదకొండు గొంతులు ఒక్కసారి లేచాయి. తీరమంతా ఒక్కటే గొంతు. ఆ మాట నేను వేలసార్లు పాడాను, ఇలా ఎప్పుడూ వినలేదు. సింహాలు ఏడుస్తూ పాడాడు. పిల్లతల్లి పాడింది. ఇవాళ నేను గదిలోంచి బయటికొచ్చి వాళ్ళతో పాడాను, ఇక తలుపు వేసుకోవాల్సిన పని లేదు కనక.

తెర మీద పేర్లు గబగబా నిండాయి. 312. పంపుల గది పైన పచ్చదీపం వెలిగింది.

ఒక్క పేరు మాత్రం లేదు.

40వ రోజు

ముందు అనే మనిషి లేదు కాబట్టి నిన్నా ఇవాళా కూడా చెవి ముందు అందరూ కలిసే ఎత్తుకున్నారు. ఏడింటి గీతం విన్నాను. ఎప్పటిలాగే పెద్ద హోరు, అందులో మావాళ్ళు ఎక్కడున్నారో నాకు తెలియలేదు. గీతం తరవాత వార్తలు చదివే అమ్మాయి, రెండు రోజులుగా మన గీతం మరింత నిండుగా ఉందని అంటున్నారు శ్రోతలు, అంది.

కౌండిన్య ఫోను చేశాడు. గొంతులో సంతోషం దాగడం లేదు. "మేడమ్, ఆఫీసులో అందరూ పని ఆపి విన్నారు. మీ ఊరి స్వరాన్ని విడిగా వేసి చూశాం. ఎంత గంభీరంగా ఉందో. మా డైరెక్టరుగారు కళ్ళు తుడుచుకున్నారు. ప్రజలే గీతం అంటే ఇదే అన్నారు."

"అది శవం ముందు పాడే పాట బాబూ."

"ఆ సంగతి నివేదికలో రాయకండి మేడమ్. మళ్ళీ ఏదో గడిలో పడుతుంది" అన్నాడు. అతను ఆ మాట భయంతోనే అన్నాడు, మా కోసమే అన్నాడు.

విప్పుకెళ్ళిన పంపు తెచ్చి బిగిస్తున్నారు. మళ్ళలో ఇరవై మంది పలకలు లాగుతున్నారు. పాట లేదు. లాగుడు కలవక మట్టి వస్తోంది. దాలమ్మ గట్టున కూర్చుని చూస్తోంది, పెదాలు కదులుతున్నాయి, పైకి రానివ్వడం లేదు.

68వ రోజు

ముప్ఫై రోజులు పాడని మనిషి పేరు మౌన పట్టికలోకి పోతుంది. ఇవాళ దాలమ్మ కాగితం వచ్చింది. నేను కారణం గుర్తుపెట్టి సంతకం చెయ్యాలి. మూడు కారణాలిచ్చారు: మరణం, వలస, మాట పడిపోవడం.

నా గదిలోకి వచ్చి తలుపేసి ఒక్కసారి పాడు, చిన్న చెవి ఎక్కించుకుంటుంది, ఎవరికీ వినబడదు అని దాలమ్మని బతిమాలాను.

"వినబడదులే. నాకు వినబడతాది గదా" అంది.

"ఏం రాయమంటావు మరి?"

"సచ్చిపోనానని రాయి. మిగతా రెండూ అబద్దాలు."

రాశాను. ఆవిడ నా భుజం మీద చెయ్యేసి, నేను ఎక్కడ గుర్తు పెడుతున్నానో వంగి చూసింది. ఇక ఆవిడకి రేషను ఆగుతుంది. వీధిలో ఏ ఇంటికెళ్ళినా అన్నం పెడతారు, దానికి లోటు లేదు. కానీ నా చేత్తో నేను రాశాను. చెయ్యకుండా ఉండే దారి నాకు కనబడలేదు, ఇంకెవరికైనా కనబడేదేమో.

75వ రోజు

ఆర్డరు వచ్చింది. అభినందన కూడా ఉంది, పైన ముద్ర వేసి. తీరం పొడవునా ఇంకా పదిహేడు ఉప్పు కొఠార్లలో కొత్త చెవులు బిగించారు. అన్నిచోట్లా అంకె రెండూ మూడూ దాటడం లేదు. గుల్లలపాలెం పద్ధతిని ఆపరేటరు మందాకిని ఆ ఊళ్ళకి వెళ్ళి నేర్పవలెను. గడువు దగ్గరపడిన ఊళ్ళు ముందు.

వెళ్ళనని రాశాను. వెళ్ళకపోతే వేరే ఎవరినీ పంపరట, పంపులు మాత్రం ఆగుతాయట.

79వ రోజు

పెదమడి కొఠారు. పడవ దిగేసరికే ఊరంతా ఒడ్డున ఉంది. వాళ్ళకి ఇంకా పదకొండు రోజులుంది. గుల్లలపాలేన్ని ఒడ్డెక్కించిన ఆపరేటరమ్మ వచ్చిందని నా పెట్టె నలుగురు మోశారు.

ఇక్కడ పాట ఎత్తేమనిషి పేరు రాజులమ్మ. ముప్ఫై ఎనిమిదేళ్ళు. మూడేళ్ళ కిందటే ఎత్తడం మొదలుపెట్టిందట, ఇంకా ఆ సంబరం పోలేదు. తమ ఊరు ఎంత బాగా పాడుతుందో నేను ముందు వినాలంది. చెవి ముందు నడుం మీద చెయ్యేసుకుని నిలబడి ఎత్తింది. రెండువందల నలభై మంది అందుకున్నారు. దాలమ్మ కన్నా గొంతు సన్నం, కానీ చరణం చివర చిన్న విరుపు వేస్తుంది, అది అందుకోవడానికి ఊరంతా కాస్త ముందుకి వంగుతారు.

అయ్యాక పరుగున నా దగ్గరికొచ్చింది.

"బాగుంది గదా. ఇందులో ఏటి తప్పు? నువ్వు వొచ్చి నేర్పితే మా గొంతులన్నీ ఎక్కుతాయంట. ఏటి మార్చాలో సెప్పమ్మా, ఇప్పుడే మార్చీసుకుంతాం."

ఊరివాళ్ళందరూ చుట్టూ చేరారు. నేను చెప్పకపోతే పదకొండు రోజులు. చెబితే ఏమవుతుందో నాకు తెలుసు, ఆవిడకి తెలియదు.

"కూర్చో రాజులమ్మా, చెబుతాను" అన్నాను.

ఆవిడ నవ్వుకుంటూ నా ఎదురుగా కూర్చుంది.